సర్పంచ్ గారి అనుమతి

మెమో చేతికి రావడానికి మురళీమోహన్‌కి ఇంకా రెండు గంటల టైముంది.

తప్పు అతనిదే. శ్రీకాకుళం నుంచి ఈ ఊరి హైస్కూలుకి బదిలీ అయి వచ్చి మూడు వారాలు. ఆదివారాలు అదే బడిలో నడిచే ఓపెన్ స్కూలు పదో తరగతికి సోషల్ చెప్పమన్నారు. ఇరవై రెండు మంది. ఎప్పుడో బడి మానేసినవాళ్ళు. లారీల షెడ్డులో పనిచేసే గోపి, అంగన్‌వాడీ ఆయా లక్ష్మీనరసమ్మ, గేదెను పితికే వేళకి లేచి వెళ్ళిపోయే ధనలక్ష్మి, ఇలాంటివాళ్ళు. సోషల్‌లో అసైన్‌మెంటుకి ఇరవై మార్కులు. గైడులోది చూసి రాయించేస్తే గొడవ లేదు. అందరూ చేసేది అదే.

ఇతను మాత్రం, ఊరి సర్పంచ్‌ని కలిసి మూడు ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకు రమ్మన్నాడు. గ్రామసభ చివరిసారి ఎప్పుడు పెట్టారు? జనం ఏ ఫిర్యాదులు తెచ్చారు? వాటిని ఏం చేశారు?

తరగతి మొత్తం నవ్వింది. భయం కాబోలు అనుకున్నాడు.

మరుసటి ఆదివారం ఇరవై రెండు కాగితాలూ వచ్చాయి. ఇరవై ఒక్క కాగితాల్లో ఒకటే వాక్యం. ప్రెసిడెంటు బంగారురాజు గారు తీరిక లేదన్నారు. ధనలక్ష్మి కాగితం ఖాళీగా ఉంది. సర్పంచ్‌ని కలవనే లేదా అని అడిగాడు.

"కలిసినానండి. అడిగినాను కూడా. ఏటీ తెలీదన్నారు."

"ఒక్కదానికీ జవాబు లేదా?"

"నేదండి. సానా సిగ్గుపడినారు."

పంచాయతీ ఆఫీసు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునే బంగారురాజుని మురళీమోహన్ రోజూ చూస్తున్నాడు. ఆ మీసాల వెనక సిగ్గు ఎక్కడుందో అతనికి అంతుపట్టలేదు.

సిగ్గు సంగతేమో గానీ, కోపం మాత్రం వచ్చింది. సర్కారు బడి ఊళ్ళో రాజకీయాలు చేయిస్తోందని, సర్పంచ్ అనుమతి లేకుండా సర్పంచ్ మీదకి విద్యార్థుల్ని ఉసిగొల్పారని బంగారురాజు రెండు పేజీల ఫిర్యాదు పంపాడు. దాన్ని పట్టుకుని ఈ ఆదివారం మండల విద్యాధికారి రమేష్‌బాబు స్వయంగా వచ్చాడు. సెలవు పాడైన మనిషి మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది. పక్క కుర్చీలో బంగారురాజు కొబ్బరిబోండం తాగుతున్నాడు.

రమేష్‌బాబు కళ్ళజోడు సవరించుకుని సర్క్యులర్ చదివాడు. ఇలాంటి అసైన్‌మెంట్లకి మూడు హద్దులు. ఒకటి, విద్యార్థిని బలవంతపెట్టకూడదు. రెండు, పార్టీలూ ఓట్లూ ఎత్తకూడదు. మూడు, ప్రజాప్రతినిధిని కలవమని పంపితే ఆ ప్రతినిధి అనుమతి రాతలో ఉండాలి.

మొదటి రెండింట్లో మురళీమోహన్ గట్టెక్కాడు. బలవంతం లేదని తరగతి మొత్తం చెప్పింది. పార్టీ పేరు ఎవరూ ఎత్తలేదని బంగారురాజే ఒప్పుకున్నాడు. మూడోదాని దగ్గర దొరికిపోయాడు.

మార్కులు సాయంత్రం అయిదులోగా ఆన్‌లైన్‌లో ఎక్కాలి. అప్పటికి అనుమతి కాగితం ఉంటే సరే, లేకపోతే అసైన్‌మెంటు రద్దు, ఇరవై రెండు మందికీ సున్నా, మాస్టారికి మెమో. రమేష్‌బాబు ఇంతకంటే వివరించలేదు. గడియారం మూడు చూపిస్తోంది.

మురళీమోహన్ బతిమాలాడు. తన సంగతి వదిలేయమన్నాడు. గోపి ఇదే సబ్జెక్టు రెండుసార్లు తప్పాడని, ఈ ఇరవై పోతే మూడోసారీ తప్పుతాడని చెప్పాడు. ఒక్క సంతకం చాలన్నాడు.

బంగారురాజు బోండం కింద పెట్టాడు. "నా సేత్తో ఒక్క అచ్చరం రాయను మాస్టారూ. ఆయాలూ కిలీనర్లూ వొచ్చి నన్ను పరీచ్చ సేస్తారేటి?"

వెనక బెంచీలో ధనలక్ష్మి లేచి నిలబడింది. గేదె వేళ అయింది కాబోలు, వెళ్ళమన్నట్టు మురళీమోహన్ తలాడించాడు. ఆమె కదల్లేదు.

"అనుమతి కాయితం నాను తెస్తానండి."

బంగారురాజు నవ్వాడు. "నానిక్కడ కూకుంటే ఆ కాయితం ఏ కొట్లో అమ్ముతారే?"

ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళింది. ఆమె వెనకాల లక్ష్మీనరసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోపి డెస్కు కిందికి వంగిపోయాడు. ఈ గదిలో తనకి తెలియని సంగతేదో ఉందని మురళీమోహన్‌కి మొదటిసారి అనుమానం వచ్చింది.

అరగంటకి ఆమె తిరిగొచ్చింది. కాగితం విద్యాధికారి ముందు పెట్టి, వెళ్ళి తన బెంచీలో కూర్చుంది.

రమేష్‌బాబు పైకి చదివాడు. "ఓపెన్ స్కూలు విద్యార్థులు నన్ను ప్రశ్నలు అడగడానికి అనుమతి ఇస్తున్నాను. ఎప్పుడైనా రావచ్చు. జవాబులు నేర్చుకుంటున్నాను." చదివి కాగితం బంగారురాజు వైపు తిప్పాడు. ముద్ర పంచాయతీదేనా అని అడిగాడు.

"మాదేనండి."

"సంతకం మీదేనా?"

"నాది కాదండి."

"అయితే దొంగ సంతకమా?"

బంగారురాజు నోరు తెరిచాడు. ధనలక్ష్మి వైపు చూశాడు. మూశాడు. దొంగది అంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో లెక్క వేసుకుంటున్నట్టు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"కాదండి," అన్నాడు చివరికి. ఆ గొంతు అరుగు మీద ఎప్పుడూ వినపడింది కాదు.

రమేష్‌బాబు కాగితం అడుగుభాగం ఇంకోసారి చూశాడు. దగ్గాడు. విచారణ ఫారంలో 'అనుమతి ఉంది' అని రాసి, ఫిర్యాదుని మడిచి బంగారురాజు జేబులోనే పెట్టి, కాగితం మురళీమోహన్‌కి అందించాడు.

గుండ్రటి కొత్త అక్షరాలతో కుదురుగా రాసిన ఆఖరి వరసని మురళీమోహన్ రెండుసార్లు చదువుకున్నాడు: ఇట్లు, సనపల ధనలక్ష్మి (భర్త బంగారురాజు), గ్రామ సర్పంచ్.