గాలి మాట

ఆ ఉదయం కూడా సంపు మూత తీసే ఉంది.

ఇల్లాలు పళ్లు కొరికింది. ఎదురింట్లో అద్దెకుంటూ, కడుపు కట్టుకుని కట్టించుకుంటున్న ఇల్లు. గోడలకింకా సున్నం కూడా పడలేదు. అప్పుడే దొంగల కన్ను పడిందా!

"ఏవండీ, మళ్లీ తీశాడు చూడండి!"

భర్త నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు.

ముంగిట్లో నేల తవ్వి కట్టిన నీళ్ల సంపు అది. పైన స్లాబు వేసి, మనిషి దిగేంత కంత వదిలి, దాని మీద బరువైన ఇనప మూత పెట్టారు. స్లాబు గట్టిపడేదాకా మోయడానికి పెట్టిన సెంట్రింగ్ చెక్కలు ఇంకా లోపలే ఉన్నాయి.

"పాతసామాన్ల కొట్టుకి వేద్దామనుకుని ఉంటాడు వెధవ" అన్నాడు భర్త.

"మోయలేక వదిలేశాడేమో బావా. మూతకి రెండు చక్రాలు బిగించు, పాపం తోసుకుపోతాడు" అన్నాడు తమ్ముడు.

ఇల్లాలికి నవ్వొచ్చింది. తల్లి పోయాక తన చేతుల మీద పెరిగిన పిల్లాడు. మేడ మీద గది వాడి కోసమే వేయిస్తోంది. ఇల్లు మొదలైనప్పటి నుంచి ఇటుకలు తడిపేదీ, ఇసుక జల్లించేదీ వాడే.

మర్నాడు తెల్లారుతుండగానే కాపు కాశారు. దొరికాడు.

బక్కపలచటి ముసలాయన. మోకాళ్ల మీద కూర్చుని, మూత అంచు కింద వేళ్లు దూర్చి పక్కకి జరుపుతున్నాడు.

"ఏరా ముసలాడా, ఇనుము తింటావా?" అని భర్త మెడ పట్టుకున్నాడు.

"దొంగని కాదు బాబూ. లోపల గాలి చెడ్డది."

ఇల్లాలు భర్త వైపు తిరిగింది.

"విన్నారా! మనమింకా కాలైనా పెట్టని ఇంట్లో దయ్యం ఉందంటున్నాడు!"

"ఆ గాలి కాదు తల్లీ. ఎవరైనా దిగితే..."

"దిగితే పట్టుకుంటుందా? నీ నోట్లో మన్ను పడ! ఏవండీ, చూస్తూ నిలబడతారేం?"

భర్త చూస్తూ నిలబడలేదు. పైకి లేచి ఉన్న మూతని కాలితో గట్టిగా తొక్కాడు.

ముసలాయన వేళ్లు ఇంకా దాని కిందే ఉన్నాయి.

ఆ కేకకి వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. తమ్ముడు ఒక్క ఉరుకున వచ్చి మూత ఎత్తాడు.

"బావా, ఏంటిది! పెద్దాయన!"

"నువ్వూరుకోరా, జాలి పొంగుకొస్తోంది వీడికి" అంది అక్క. "ఆ వేళ్లు ఇంకే ఇంటి మూతా తియ్యకూడదు."

ఆ రోజే మూత మీద సిమెంటు బస్తాలు పేర్పించింది. ఆ ఆలోచన ఆమెదే. భర్త మెచ్చుకున్నాడు కూడా.

ముసలాయన మళ్లీ వచ్చాడు. చేతికి గుడ్డ చుట్టుకుని, ఎదురు గోడ దగ్గర నిలబడి బతిమాలాడు.

"ఒక్క రోజు తీసి ఉంచండమ్మా. చాలు. ఇంక రాను."

ఇల్లాలు బట్టలు ఉతికిన నీళ్ల బకెట్ తెచ్చి నెత్తిన కుమ్మరించింది.

"గాలోడికి స్నానం అయింది!" అని ఎవరో అరిచారు. వీధంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

అన్నట్టే, ఇంక రాలేదు.

కొన్నాళ్లకి నీళ్లు నింపే వేళయింది. చెక్కలు పీకాల్సిన పనివాడు ఎంతకీ రాలేదు.

"నాలుగు చెక్కలు పీకడానికి వాడి కాళ్లు పట్టుకోవాలా? నేను దిగుతా" అని తమ్ముడు చొక్కా విప్పాడు.

బస్తాలు దొర్లించి మూత ఎత్తాడు. దాని అంచున నల్లటి మరక.

"అప్పుడే తుప్పు పట్టేసిందే అక్కా."

అది తుప్పు కాదని ఆమెకి తెలుసు.

కంతలోంచి కుళ్లిన చెక్క వాసన గుప్పుమంది. తమ్ముడు కాళ్లు లోపలికి వేలాడేసి అలాగే కూర్చున్నాడు.

"గాలి ఉందన్నాడుగా ఆ పెద్దాయన. పట్టుకుంటే?"

నవ్వుతూనే అన్నాడు. కానీ దిగలేదు.

"అబ్బో, మహా ధైర్యవంతుడివి! లోపలేముందిరా గాలి తప్ప? దిగు."

దిగాడు.

ఒక చెక్క ఊడిన చప్పుడైంది.

"అక్కా" అన్నాడు. మామూలుగానే అన్నాడు.

"ఏంట్రా?"

లోపల బురద నీళ్లలో ఏదో పడిన చప్పుడు.

"చాల్లే వేషాలు. నన్ను భయపెట్టలేవు గానీ, పైకి రా."

పలకలేదు. ఆమె ఇంకాసేపు నవ్వుతూనే నిలబడింది.

తర్వాత అరిచింది.

భర్త దిగబోతుంటే ఇరుగుపొరుగు రెక్కలు పట్టుకుని ఆపారు. అగ్నిమాపక బండి వచ్చింది. మొహానికి ముసుగు తగిలించుకుని ఒకతను దిగి, తమ్ముణ్ణి పైకి అందించాడు. వాడు జల్లించిన ఇసుక మీదే వాణ్ణి పడుకోబెట్టారు.

ఛాతీ మీద నొక్కి నొక్కి, చివరికి చేతులు తీసేశారు.

"గాలి పట్టుకుంది! ఆ ముసలాడి శాపం తగిలింది!" అని ఇల్లాలు నేలకి తల బాదుకుంది.

దిగినతను ముసుగు తీశాడు.

"శాపం కాదమ్మా. తడి చెక్క మూసిన సంపులో మగ్గితే, లోపలి గాలి పీల్చడానికి పనికిరాదు. దిగేముందు రోజంతా మూత తీసి ఉంచి, గాలి ఆడనివ్వాలి. మీకెవరూ చెప్పలేదా?"

భర్త తల వంచుకున్నాడు.

"తీసే ఉండేది. మేమే మూశాం."

అతను సిమెంటు బస్తాల వైపు చూశాడు.

"ఇటు ఓ పెద్దాయన రాలేదా? కొత్త సంపు కనిపిస్తే చాలు, మూత తీసి పోతుంటాడు. ఆయన తిరిగే వీధుల్లో మాకు ఈ పని తప్పింది."

ఇల్లాలు తలెత్తింది.

"ఎవరు... ఎవరాయన?"

"మీలాగే ఇల్లు కట్టుకున్నాయన. 'లోపలేముందిరా గాలి తప్ప, దిగు' అని కొడుకుని తనే దింపాడమ్మా."