కరెంటు పోయిన ఎపిసోడ్

మంచినీళ్లు అడిగిన ఆడమనిషి ముఖాన పోశవ్వ చెంబెడు నీళ్లు కొట్టింది.

"పిల్లను స్టేషన్ల ఇడిసి పోయినదానా! మల్లెందుకచ్చినవే?"

వాకిలి ఊడుస్తున్న నవనీత చీపురు పడేసి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఏమనుకోకు చిన్నమ్మా! మా అమ్మమ్మకు తలకాయ సక్కగ లేదు. ఎన్కటి సీరియల్ల మనుషులే ఇంటికి అస్తుండ్రనుకుంటది. మొన్న గ్యాసుబండ తెచ్చినాయనను జడ్జిసాబ్ అని దండం పెట్టింది."

ఆ మనిషి నవ్వలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవనీతనే చూసింది.

నలభై ఏళ్లుంటాయేమో. పక్కన పెద్ద ఎర్ర బ్యాగు. ఉట్నూర్ జీపు నిండేదాకా కదలదట, అందాకా అరుగు మీద కూర్చుంటానంది.

నవనీత పోశవ్వను మంచం దాకా నడిపించి, మళ్లీ నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"నన్నెవరనుకున్నది?" అని అడిగింది ఆ మనిషి.

నవనీత కొత్తవాళ్లతో మాట్లాడదు. బడిలో హాజరు కూడా గట్టిగా పలకదు. సీరియల్ మాట వచ్చేసరికి మాత్రం నోరు తెరుచుకుంది.

"ఊరికి ఒక్కటే టీవీ ఉన్నప్పుడు మంగళారం మంగళారం అచ్చేదట. దాంట్ల ఒకామె, మొగడు సచ్చిపోతే, పరాయి దేశం పోయి పనిజేస్తనని మూడేండ్ల బిడ్డను తల్లికాడ ఇడిసి రైలెక్కుతది. మల్ల రాదు."

"ఎందుకు రాలే?"

"గదే తెల్వదు! గా ఎపిసోడ్‌కు కరెంటు పోయిందట. ఊర్ల ఎవ్వలు సూడలే, మా అమ్మమ్మ తప్ప."

"కరెంటు పోతే ఆమెట్ల సూసింది?"

"గట్లడిగితే కట్టె పట్టుకొని నా ఎంటవడ్డది!"

నవనీత నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"నాకు గది కలల అస్తది చిన్నమ్మా. రైలు పోతుంటది. నేనే గా పిల్లనైనట్టు ఏడుస్తుంట. లేస్తే దిండు తడిసి ఉంటది. ఫోన్ల అన్ని ఎపిసోడ్‌లు ఎతికిన, గదొక్కటే లేదు. ఆఖరుకు ఏమైందో తెలిస్తే గీ కల బందయితది. నువ్వు సూసినవా?"

ఆ మనిషి గ్లాసు కింద పెట్టింది.

"సూసిన" అంది.

నవనీత దగ్గరగా జరిగింది.

"కాగజ్‌నగర్ స్టేషన్. పిల్లకు పువ్వుల గౌను. ఒక్క కాలుకే చెప్పుంటది, ఇంకోటి పట్టాల మీద పడిపోయింది. గా పొద్దు కాయితాల మిల్లు దిక్కుకెల్లి గాలి. మురిగిన కోడిగుడ్డు వాసన. పిల్ల తల్లి కొంగుల ముక్కు దాసుకున్నది."



"గదే వాసన! నా కలల గూడ గదే! నేను ఎవ్వలకు చెప్పలే... మరి ఆమె ఎందుకు రాలే?"

"పనికి పోయిన ఇంటోళ్లు పాస్‌పోర్టు గుంజుకున్నరు. బయటికి రానియ్యలే. ఫోను దొరికి ఊరికి చేసేసరికి, తల్లి పిల్లను తీసుకొని ఊరిడిసి పోయిందన్నరు."

"ఆఖరుకు అస్తదా?"

"అస్తే గా పిల్ల ఏమంటదంటవ్?"

నవనీత ఆలోచించనే లేదు.

"నేనైతే మొకం సూడ. గన్నేండ్లకు అచ్చి అవ్వనంటే ఎవ్వలు నమ్ముతరు? సచ్చిపోయిందనుకునుడే నయం. నన్ను కన్న అవ్వ గూడ నా చిన్నప్పుడే జరమచ్చి సచ్చిపోయిందట. నేను మంచిగనే ఉన్న గద!"

ఆమె ముఖం ఎప్పుడో ఆరింది. అయినా కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

"అయితే రాదు బిడ్డా. గక్కడికే అయిపోయింది. ఇగ నీకు గా కల రాదు, పో."

రోడ్డు మీద జీపు హారన్ కొట్టింది.

బ్యాగు చాలా బరువుంది. నవనీతే దాన్ని రెండు చేతులతో మోసుకెళ్లి జీపులో పెట్టింది.

ఆ మనిషి నవనీత చెంప మీద చెయ్యి వేయబోయింది. వేయకుండానే వెనక్కి తీసుకొని, జీపు కడ్డీ పట్టుకుంది.

నవనీత గంతులేస్తూ ఇంట్లోకి వచ్చింది.

"అమ్మమ్మా! ఆమె గా ఎపిసోడ్ సూసిందట! గౌను, చెప్పు, అన్నీ చెప్పింది. మిల్లు వాసన గూడ చెప్పింది!"

పోశవ్వ గోడ దిక్కు తిరిగి పడుకొని ఉంది. గొంతులో మతితప్పిన జాడ లేదు.

"టీవీల వాసన యాడికెల్లి అస్తదే, పిచ్చిదానా?"



నవనీత చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డుకు పరుగెత్తింది.

అక్కడ దుమ్ము ఒక్కటే లేస్తోంది.

కన్న అవ్వ బ్యాగును తన చేతులతో తానే జీపెక్కించింది.