ముఖం చూడని మనిషి

హైదరాబాదు బస్సులోంచి డాక్టరమ్మ దిగలేదు.

ఇరవై అయిదేళ్ల యువకుడొకడు దిగాడు. మెదక్ బస్టాండులో నలుగురినీ అడిగి, డాక్టరమ్మ కోసం ఎదురుచూస్తున్న ఎలిశిబా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రూతు తల్లి మీరేనా?" నేలవంక చూస్తూ అడిగాడు. ఒక ఉత్తరం చేతికిచ్చాడు.

'ఆసుపత్రి విడిచి నేను రాలేను. సుధాకర్‌ను పంపుతున్నాను. మూడు రోజులు మీ పాపను గమనిస్తాడు. అతను రాసుకొచ్చింది చూశాకే, నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలను' అని రాసింది డాక్టరమ్మ.

ఎలిశిబా ఉసూరుమంది.

రూతుకు ఆరేళ్లు. ఇంతవరకు మాట లేదు. పిలిస్తే పలకదు. రోజుకు పదిసార్లు గుక్కపట్టి ఏడుస్తుంది. తన చెయ్యి తనే రక్తం వచ్చేలా కొరుక్కుంటుంది. ఆ జూన్‌లో బడికి తీసుకుపోతే, "ఈ పిల్లను పట్టడం మా వల్ల కాదు" అన్నారు.

తండ్రి దావీదు టేక్మాల్‌లో టీచరు. శనివారం వచ్చి సోమవారం పోతాడు. ఇలాంటి పిల్లల నడవడి చూసి నేర్పించే డాక్టరమ్మ ఒకామె ఉందని విని, ఉత్తరం మీద ఉత్తరం రాసింది అతనే.

సుధాకర్ ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

పాపను ఎత్తుకోలేదు. ముద్దు చేయలేదు. చూశాడు, రాసుకున్నాడు. అంతే.

ఎలిశిబా కిరసనాయిలు స్టవ్‌కు పంపు కొట్టి వెలిగించింది. రూతు కెవ్వుమంది.

"ఏడుపుకు ముందు ఏమి జరిగింది?" పుస్తకంలోది చదివినట్టు అడిగాడు.

"ఏం గాలె సార్. గట్లనే ఏడుస్తది."

"జరిగింది. స్టవ్ మోగింది."

"స్టవ్ అందరిండ్లల్ల మోగుతది గదా!"

"మోగుతుంది. కొందరికి చెవిలో మేకు దిగినట్టు ఉంటుంది."

ఎలిశిబా ఆ మాట చెవిన పెట్టలేదు. పాప చేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఏడుపు ఆగింది.

అతను అదీ రాసుకున్నాడు.

సాయంత్రం పాప నేలకు తల బాదుకుంటుంటే ఆమెకు ఒళ్లు మండింది.

"రాసుడు తర్వాత సార్. జర పట్టుకోండ్రి!"

అతను లేచి, పాప తల కింద దిండు జరిపి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

రెండో రోజు పక్కింటి పద్మమ్మ గోడ మీంచి అడిగింది.

"ఎవలే ఆయన? దావీదు ఇంట్ల లేనప్పుడు పొద్దంత మీ అరుగు మీదనే ఉంటుండు?"

"దవాఖాన మనిషక్కా. పిల్లను చూడనీకి వచ్చిండు."

"దవాఖాన మనిషైతే సూదియ్యాలె, మందియ్యాలె. మనిషి మొకమే చూడడు, గీయన పిల్లనేం చూస్తడు?"

ఆ మాట ఎలిశిబా మనసులో ముల్లులా దిగింది.

పొద్దు వాలుతుండగా రూతు వచ్చి తల్లి వేలు పట్టి లాక్కుపోయింది. నీళ్లకుండ మీద ఆమె చెయ్యి తీసి పెట్టింది.

సుధాకర్ ముఖం మొదటిసారి వెలిగింది.

"అడిగింది! నీళ్లు అడిగింది."

"నోరు తెరిస్తె గద అడిగినట్టు?"

"చేత్తో అడిగింది. అదీ మాటే."

ఎలిశిబా వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఒక్కటే చెప్పుండ్రి సార్. నా బిడ్డకు మాట వస్తదా, రాదా?"

అతను గోడ వంక చూశాడు.

"తెలియదు."

"తెల్వదా? రెండు దినాలు నా బిడ్డ ఏడుపులు లెక్కవెట్టి తెల్వదంటవా?" మర్యాద కూడా మరిచిపోయింది ఆమె. "నీకు పెండ్లి గాలె, పిల్లలు లేరు. గీ బాధ నీకేం తెలుస్తది? చాలు, ఇగ పో!"

"మూడో రోజు మిగిలి ఉంది" అన్నాడు మెల్లగా.

"వద్దు."

అతను చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. టీ తాగి పొమ్మని కూడా ఆమె అనలేదు.

మర్నాడు పొద్దున్నే స్టవ్ మీద చెయ్యి వేసి ఎలిశిబా ఆగిపోయింది. ఏమనుకుందో, వాకిట్లో కట్టెల పొయ్యి ముట్టించింది. రూతు ఏడవలేదు.

ఏదో ఆ ఒక్క పూట అనుకుంది. వారమంతా వంట పొయ్యి మీదే చేసింది. వంటవేళ ఏడుపు మళ్లీ వినపడలేదు. పాప చెయ్యి పెట్టి చూపించినప్పుడల్లా నీళ్లిచ్చింది. పదిహేను రోజులకు రూతు ఏడవకుండానే తల్లిని లాక్కుపోయి బెల్లం డబ్బా చూపించింది.

ఎలిశిబా ఆ డబ్బా ముందే కూలబడి ఏడ్చింది.

నెలాఖరుకు పాపను తీసుకుని హైదరాబాదు పోయింది. డాక్టరమ్మ బల్ల మీద రూతు కాగితాలు ఉన్నాయి.

"ఎప్పుడు ఏడ్చింది, ముందు ఏం జరిగింది, తరవాత మీరేం చేశారు, అన్నీ ఉన్నాయమ్మా. రేపే మొదలుపెట్టొచ్చు. మూడో రోజు కూడా ఉంటే ఇంకా తెలిసేది. ఎందుకో ముందే వచ్చేశాడు. అడిగితే చెప్పలేదు."

ఎలిశిబా తల వంచుకుంది.

"నేనే ఎల్లగొట్టిన మేడమ్. పిల్లలు లేనోనికి గీ బాధ ఏం తెలుస్తదని నోటికొచ్చినట్టు అన్న. సార్‌ను ఒక్కపారి పిలువుండ్రి. మాఫీ అడుగుత."

"మొన్ననే నాగపూర్ వెళ్లిపోయాడు. అక్కడ ఇలాంటి పిల్లల బడిలో పని దొరికింది."

"మల్ల ఎప్పుడొస్తడు?"

"ఇప్పట్లో రాడు."

డాక్టరమ్మ కాగితాలు మడిచి పక్కన పెట్టింది. తరవాత రూతు వంక చూస్తూ నెమ్మదిగా అంది.

"నేను ఈ చదువు చదివిందే వాడి కోసమమ్మా, సుధాకర్ నా కొడుకు, తొమ్మిదో ఏడు నిండేదాకా వాడి నోట ఒక్క మాట రాలేదు."