కంకర బాట మీద దింపుడు కళ్లం

రోడ్లన్నీ డ్రైవర్ లేని కార్లకే వదిలేశాక, చేవెళ్ల చుట్టుపక్కల మనుషులకు మిగిలినవి కంకర సైకిల్ బాటలే. పెళ్లికైనా, ఆస్పత్రికైనా, శ్మశానానికైనా వాటి మీదే పోవాలి.

బాట పక్కన మాట్లాడే స్తంభాలు ఎక్కడ చెబితే అక్కడ, చెదిరిన కంకర సర్దడం పెంటయ్య పని. పదకొండేళ్లు ఆ దుమ్ము మింగి, నిన్న పొద్దున పోయాడు. సైకిల్‌కు తగిలించిన చిన్న బండిలో శవాన్ని పడుకోబెట్టి, పక్కన అతని పార పెట్టి, తమ్ముడు అంజయ్య మెల్లగా తొక్కుతున్నాడు. పెంటయ్య భార్య బాలమణి వెంట నడుస్తోంది.

సగం దూరం వచ్చాక అంజయ్య బండి ఆపాడు. దింపుడు కళ్లం. పోయినవాడి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. ఎక్కడైనా ప్రాణం మిగిలుంటే పలుకుతాడని ఆశ.

బాట పక్కనున్న స్తంభం మాట్లాడింది. "ఇక్కడ ఆగరాదు. వెనక సైకిళ్లు వస్తున్నాయి."

"నేను బండి పట్టుకుంట. నువ్వే పిలువు వదినా, జల్దీ," అన్నాడు అంజయ్య.

పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఎన్నడూ భర్త పేరు పలకని బాలమణి అతని చెవి మీదికి వంగింది. రెండుసార్లు పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి గట్టిగా అరిచింది.

"పెంటయ్యా!"

పలికింది స్తంభం.

"పెంటయ్య గారూ, మీ దగ్గర ఆగిన బండి చక్రాలకు కంకర చెదిరింది. వెంటనే సర్దండి."

వెనక నుంచి సైకిల్ గంటలు మోగుతున్నాయి. బాలమణి భర్త పక్కనున్న పార తీసుకుంది.

"నువ్వు పండుకో," అంది. "నేను సర్దుత."