ఈనాక్ ఒర్మెరాడ్ భార్య

కెజియా హిండిల్ మళ్ళీ వచ్చింది. మళ్ళీ చేతిలో పూలు.

సమాధి రాతిమీద నాచు గీకుతున్న టాబిత తల ఎత్తకుండానే అంది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఇది మా ఆయన సమాధి. పేరు చదువుకో."

"నాకు చదువు రాదని నీకు తెలుసు కదక్కా."

"అయితే విను. ఈనాక్ ఒర్మెరాడ్. ఏబెల్ హిండిల్ అని లేదిక్కడ."

"రాతిమీద పేరుకేం, ఏదైనా చెక్కిస్తారు. కింద ఉన్నది మా ఏబెలే. కాళ్ళకున్న ఆ మేజోళ్ళు నేనల్లినవి. బూడిదరంగు ఉన్ని చాలక మడమ దగ్గర ఎర్రది వేశాను."

"ఎర్ర ఉన్ని ఈ ఊళ్ళో నీ ఒక్కదాని దగ్గరే ఉందా?"

కెజియా పూలు పెట్టబోయింది. టాబిత ఆ చేయి పట్టుకుని ఆపింది. "ఇంటికి పో. వాన వచ్చేలా ఉంది. పిల్ల ఒక్కతే ఉంటుంది."

పదేళ్ళుగా దాదాపు ప్రతి ఆదివారం ఇదే తంతు.

గని పేలింది 1866 నవంబరులో. పొద్దున దిగినవాళ్ళలో ఒక్కడూ బతికి రాలేదు. ఇంటికి తిరిగిరానిదెవరని గడపగడపకూ తిరిగి అడిగితే ముప్పై ఒక్క పేర్లు తేలాయి. శవాలు మాత్రం ముప్పయ్యే దొరికాయి. మొహాలు మాడిపోయాయి. ఆడవాళ్ళు బెల్టులు, బూట్లు, మేజోళ్ళు చూసి తమవాళ్ళను గుర్తుపట్టారు. చివరికి ఒక్క శవం మిగిలింది. టాబిత దాని ముందు చాలాసేపు నిలబడింది. తరవాత, "ఈయనే" అంది. కంటతడి పెట్టలేదు. గుండె రాయైపోయిందన్నారు చూసినవాళ్ళు.

కెజియా అప్పుడు పురిటి మంచంలో ఉంది. ఒళ్ళు కాలిపోయే జ్వరం. లేచేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. ఏబెల్ కూలిన బండల కిందే ఉండిపోయాడనీ, గనిలోకి నీళ్ళొచ్చేశాయి కాబట్టి ఇక తియ్యలేమనీ చెప్పారు. ఆ మాట నమ్మింది కూడా. నెల తరవాత, శవాలు కడిగిన ముసలావిడ మాటల మధ్య ఎర్ర మడమ సంగతి ఎత్తేదాకా.

అప్పటినుంచి ఆమె తిరగని గుమ్మం లేదు. పాదరీ దగ్గరికి వెళితే, "ఒర్మెరాడ్ గారి భార్య బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పిందమ్మా. ఆవిడ అబద్ధమాడుతుందా?" అన్నాడు. మేజిస్ట్రేటు గుమస్తాతోనే చెప్పించి పంపేశాడు. స్కూలు మాస్టారితో లండన్‌లో సర్కారువాళ్ళకు నాలుగు ఉత్తరాలు రాయించింది. నాలుగింటికీ ఒకటే జవాబు, చింతిస్తున్నామని. పురిటి జ్వరం తలకెక్కిందని ఊరు తేల్చేసింది.

టాబిత చెడ్డది కాదు. కెజియా కూతురికి కోరింత దగ్గు వస్తే వారం రోజులు సూపు కాచి పంపింది. ఆ పిల్లకు కుట్టుపని నేర్పింది. కానీ సమాధి మాట ఎత్తితే మొహం మీదే తలుపు వేసేది.

పేలుడులో భర్తలు పోయిన వాళ్ళను గని యజమానులు తామిచ్చిన ఇళ్ళు ఖాళీ చెయ్యమనలేదు. ఆ ఇంట్లోనే, ఆ నల్లబట్టల్లోనే ఉండిపోయింది టాబిత. మిగతా విధవలు రెండేళ్ళకే బూడిదరంగులోకి, ఆనక నీలాల్లోకి వచ్చేశారు. ఆమె మారలేదు. భర్త పోయినప్పటినుంచీ నలుపు విడవని రాణిగారి తరవాత మన టాబితే అనేవారు ఊళ్ళో.

ఆరో ఏడు, బండితోలే జోబ్ పిల్లింగ్ ఉతికిన కాలరు తగిలించుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. మంచివాడు. అడక్కుండానే బొగ్గు దింపిపోయేవాడు.

"నా సంగతి నీకు తెలుసు, టాబితా. తాగను. చెయ్యెత్తను. ఔనంటే ఈస్టరుకి చేసుకుందాం."

ఆమె చేతులు ఏప్రన్‌లో ముడుచుకుపోయాయి. "ఈనాక్ ఉండగా ఇంకొకరినా?"

"ఎక్కడున్నాడమ్మా ఈనాక్? మట్టిలో ఉన్నాడు."

"ఎక్కడుంటేనేం! వెళ్ళు జోబ్. నీకు దణ్ణం పెడతాను, వెళ్ళు."

తలుపు మూసుకుంది. పక్కింటివాళ్ళకు వరసగా మూడు పళ్ళేలు పగిలిన చప్పుడు వినిపించింది.

ఈస్టరుకి జోబ్ రొట్టెలవాళ్ళ అమ్మాయిని చేసుకున్నాడు. ఆ ఆదివారం పాదరీ ప్రసంగంలో టాబిత పాతివ్రత్యాన్ని పొగిడాడు. ఆమె మధ్యలోనే లేచి బయటికి నడిచింది. దుఃఖం పట్టలేకపోయిందనుకున్నారు. నిజానికి తిన్నగా సమాధి దగ్గరికి వెళ్ళి బ్రష్షు తీసుకుంది. ఎంత కసిగా తోమేదంటే, ఏళ్ళు గడిచేసరికి ఈనాక్ పేరులో అక్షరాలు అరిగిపోయాయి.

పద్దెనిమిదో ఏడు వసంతంలో ఊపిరితిత్తులు దెబ్బతిని మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం కెజియాకు కబురు పంపింది.

కెజియా వచ్చింది కానీ కూర్చోలేదు. "ఏం, ఇక రావద్దని చెప్పడానికా? నువ్వు పోయినా నేను మాననక్కా. మీ ఇద్దరి మీదా పూలు పెట్టి వస్తాను."

"నన్నక్కడ పెట్టరు. పాదరీకి చెప్పేశాను. గోడవార పూడుస్తారు, ఒక్కదాన్నే."

కెజియాకు ఒళ్ళు మండిపోయింది. "పద్దెనిమిదేళ్ళు కుక్కలా కాపలా కాశావు. ఒక్క పువ్వు పెట్టనివ్వలేదు. తీరా పొయ్యేటప్పుడు మొగుడి పక్కన చోటొద్దా నీకు?"

టాబితకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆగి, కెజియా చేయి అందుకుంది.

"మా ఆయన ఆ పొద్దున ఇల్లు కదిలింది గనికి కాదే కెజియా, నన్నొదిలేసి ఓడెక్కడానికి."