ఎవరి నీళ్లు

కారు మీద సబ్బు నురగ ఇంకా పోనేలేదు, పైపులో నీళ్లు ఆగిపోయాయి.

అవినాష్ చెవి దగ్గర్నుంచి ఫోన్ తీసి వెనక్కి తిరిగాడు. పంచె కట్టిన ముసలాయన కుళాయి మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

“ఎవరు కట్టేయమన్నారు?”

“పైపు కింద పడేసి ఫోన్ల మాట్లాడుతున్నవు బిడ్డా. నీళ్లన్నీ రోడ్డు మీదికి పోతున్నయ్.”

అవినాష్‌కి ఒళ్లు మండిపోయింది. మదీనాగూడలో ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చిన దగ్గర్నుంచీ ఈ రాజయ్యతో ఇదే గోల. పక్క సందులో రేకుల ఇంట్లో ఉంటాడట. పొద్దున్నే వచ్చేస్తాడు. ట్యాంకు నిండితే మోటారు ఆపుతాడు. కారుతున్న కుళాయి కనిపిస్తే బిగిస్తాడు. వాచ్‌మన్ కూడా ఏమీ అనడు.

“బకెట్ల పట్టుకొని కడుగు బిడ్డా. మా అయ్య కరువుల బతికినోడు. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, మొకం కడిగిన నీళ్లు చెట్టుకు పోయమంటుండె. ఒక్క చెంబు పారబోసినా మాకు ఆ పూట బువ్వ లేకుండె.”

“మీ ఇంటి కరువు నాకెందుకయ్యా? నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నాం. ఈ నీళ్లేమైనా నీ బాబు సొమ్మా?”

రాజయ్య గోడ పక్కనున్న ఇనుప మూత వైపు ఒకసారి చూశాడు.

“ఇప్పుడైతే కాదు సారూ.”

పైగా ఎదురు సమాధానం! అవినాష్‌కి కోపం నషాళానికి అంటింది. ముసలాయన జబ్బ పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లాడు.

పార్కింగ్ ఊడుస్తున్న యాదమ్మ చీపురు పడేసి పరుగెత్తుకొచ్చింది.

“సారూ, పెద్దమనిషి! ఆయన ఎవరనుకుంటున్నవ్...”

“నోర్ముయ్! ఇతను ఇంకోసారి గేటు లోపల కనిపిస్తే నీ పని కూడా పోతుంది.”

రాజయ్య పంచె సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత ట్యాంకు పొంగి పొర్లినా మోటారు ఆపే దిక్కు లేదు. ఎవరో ఒకరు ఆపుతారులే అని వాచ్‌మన్‌తో సహా అందరూ అనుకున్నారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా?

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం తల నిండా షాంపూతో ఉన్న అవినాష్ కుళాయి తిప్పితే ఉత్త గాలి వచ్చింది. ఆఫీసుకి టైమవుతోంది. తువ్వాలు చుట్టుకుని, తిట్టుకుంటూ కిందికి దిగాడు.

“యాదమ్మా! ఆ రాజయ్యని పిలు. ఎప్పుడూ మోటారు దగ్గరే తిరిగేవాడు. నా మీద కసితో బోరుని వాడే ఏదో చేసుంటాడు!”

యాదమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. పని పోతుందన్న భయం కూడా ఆమెకి ఆ క్షణాన లేదు.

“ఏడికెళ్లి పిలువాలె సారూ? మొన్ననే కాలం చేసిండు. ఇగ బోరంటవా, ఇక్కడ బోరే లేదు.”

ఆమె రెండు చేతులా ఇనుప మూత లేపింది.

లోపల రాళ్లు కట్టిన పాత బావి. అందులోకి దిగిన మోటారు పైపు. అడుగున కాస్త బురద.

నురగ కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు అవినాష్.

“ఇది... ఎవరు తవ్వించారు?”

“తవ్వించుడు కాదు, కరువుల రాజయ్యోళ్ల అయ్య గడ్డపారతోని తన చేతులార తవ్విండు. ఈ జాగ అమ్ముకున్నంక గూడ, రేపు వచ్చెటోళ్లకు తాగ నీళ్లుండాలె, బావి పూడ్చొద్దని బిల్డర్ కాళ్లు పట్టుకున్నది ఆ రాజయ్యనే.”