ఐదో ఆట

ఈ ఏడాది అవార్డులకు నామినేట్ అయిన సినిమాల జాబితా ఫోన్లో చూసి శేషగిరిరావు మొహం చిట్లించాడు. నరసరావుపేటలో ఆయన సినిమా హాలు మూతపడి పదేళ్లయింది. టీకొట్టు దగ్గర ఆయన పక్కన కూర్చున్నది ఆ హాల్లో ప్రొజెక్టర్ నడిపిన ఉస్మాన్.

“ఏందయ్యా ఈ సాగదీత? ఒక్కో సినిమా మూడేసి గంటలు! తొంభై ఎనిమిదిలో నామినేట్ అయినయ్యి ఐదూ మన హాల్లోనే ఆడినయ్. ఎక్కడన్నా ఒక్క నిమిషం ఎక్కువుందా? సంవత్సరమంటే అదీ.”

“ఎట్టుంటది సార్? రోజుకు ఐదో ఆట పడాలని ప్రతి సినిమాలో రెండు రీళ్లు నాచేత ఎగరగొట్టించారుగా,” అన్నాడు ఉస్మాన్.

శేషగిరిరావు తడుముకోలేదు. “నేను చెప్పేదీ అదే. ఇప్పుడోళ్లకి నీలాంటోడు దొరకలా.”

ఉస్మాన్ నోట్లో ఉన్న టీ పక్కకు ఉమ్మేశాడు.